డేటా నిల్వకు అయస్కాంత నానోకణాలు: పీజీ ప్రాజెక్టుకు ఏ పదార్థం తీసుకోవాలి?

"అన్నా, డేటా స్టోరేజ్ కోసం మాగ్నెటిక్ నానోపార్టికల్స్ అని టాపిక్ రాసిచ్చిన. ఇప్పుడు ఐరన్-ప్లాటినం చెయ్యాల్నా, కోబాల్ట్ చెయ్యాల్నా, ఫెర్రైట్ చెయ్యాల్నా? గైడ్ సార్‌ను అడిగితే నువ్వే చదివి తేల్చుకో అన్నడు."

పాలమూరు నుంచి ఒక తమ్ముడు చేసిన ఫోన్ ఇది. నల్గొండ నుంచి కూడా ఇట్లాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. అందరిదీ ఒకటే కథ. పేపర్లలో అందమైన టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫోటోలు చూస్తారు, గుండ్రటి కణాలు తేనెపట్టులా వరుసగా పేర్చి ఉంటాయి, మనమూ అదే చేద్దామనుకుంటారు. నేనూ అట్లనే అనుకున్నవాణ్నే. మన దగ్గర ఉన్న ల్యాబుతో, ఒక్క సెమిస్టర్ టైములో ఏది నడుస్తుందో, ఏది నడవదో ఇక్కడ రాస్తున్నాను.

## ముందు ఒక లెక్క

పదార్థం సంగతి తర్వాత. డేటా నిల్వ అంటే కణం తన అయస్కాంత దిశను మర్చిపోకుండా ఉండటం. పైకి ఉంటే 1, కిందికి ఉంటే 0 అనుకోండి. వేడి వల్ల ఆ దిశ ఎప్పుడూ ఊగిసలాడుతూనే ఉంటుంది. తిరగబడకుండా ఆపే అడ్డుగోడ ఎత్తు ఎంతంటే, పదార్థం అనైసోట్రోపీ (అయస్కాంతత్వం ఒక దిశకే మొగ్గే గుణం) స్థిరాంకాన్ని కణం ఘనపరిమాణంతో గుణిస్తే వచ్చేంత. దాన్ని ఉష్ణశక్తితో భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది. కణం ఎంతకాలం గుర్తుంచుకుంటుందో చెప్పేది ఆ అంకే.

నీల్ సూత్రం ప్రకారం ఆ నిష్పత్తి 40 ఉంటే కణం సుమారు 7 ఏళ్లు గుర్తుంచుకుంటుంది. 20కి పడిపోతే అర సెకనే. 40 నుంచి 20కి పడటానికి కణం ఎంత చిన్నదైతే చాలు? వ్యాసం 10 నానోమీటర్ల నుంచి 8కి తగ్గితే చాలు. ఘనపరిమాణం సగమవుతుంది, జ్ఞాపకం ఏళ్ల నుంచి సెకను లోపుకు వచ్చేస్తుంది. కణాలన్నీ ఒకే సైజులో ఉండాలని పేపర్లు అంతగా మొత్తుకునేది అందుకే.

ఇంకో ముచ్చట. ఈ లెక్క 27 డిగ్రీల గదికి వేసింది. మే నెలలో నల్గొండలో ఏసీ లేని ల్యాబు 42 డిగ్రీలు ఉందనుకోండి, అదే కణానికి ఆ 7 ఏళ్లు కాస్తా ఒక్క ఏడాదికి దిగిపోతాయి. ఇట్లాంటి తేడాలన్నిటికీ కొంత మార్జిన్ ఉంచుకోవడానికే హార్డ్‌డిస్క్ వాళ్లు నిష్పత్తి 60 ఉండాలంటారు.

60 రావాలంటే ఏ పదార్థం కణం ఎంత పెద్దగా ఉండాలో రఫ్‌గా లెక్క వేస్తే ఇట్లా వస్తుంది:

| పదార్థం | అనైసోట్రోపీ (జౌల్/ఘనమీటరు, సుమారు) | కావలసిన వ్యాసం (నానోమీటర్లు) | గాలికి తట్టుకుంటుందా |
|---|---|---|---|
| ఐరన్-ప్లాటినం (క్రమబద్ధ దశ) | 70 లక్షలు | 4 | బాగా |
| కోబాల్ట్ (హెక్సాగోనల్) | 4.5 లక్షలు | 10 | తట్టుకోదు |
| కోబాల్ట్ ఫెర్రైట్ | 2 లక్షలు | 13 | అది ఆక్సైడే కాబట్టి చింత లేదు |
| ఇనుము | 48 వేలు | 21 | అస్సలు తట్టుకోదు |
| మాగ్నెటైట్ | 13 వేలు | 33 | మెల్లగా మారుతుంది |
| నికెల్ | 5 వేలు | 46 | ఫరవాలేదు |

ఒక హెచ్చరిక. ఇనుము, నికెల్, మాగ్నెటైట్, కోబాల్ట్ ఫెర్రైట్ క్యూబిక్ (ఘనాకార స్ఫటిక నిర్మాణం ఉన్న) పదార్థాలు. వాటిలో అసలు అడ్డుగోడ ఇంతకన్నా తక్కువే, అంటే కణం ఇంకా పెద్దగా ఉండాలి. మూడో గడిని కచ్చితమైన కొలతగా తీసుకోకుండా ఏది ఎక్కడ నిలుస్తుందో చూసుకోవడానికి వాడుకోండి.

ఈ టేబుల్ పక్కన ఇంకో ప్రశ్న పెట్టుకోండి. చేసిన దాన్ని కొలవడానికి నా చేతికి ఏ పరికరం అందుతుంది? చాలామంది ఈ ప్రశ్నను చివర్లో అడుగుతారు. మొదట అడగాల్సింది ఇదే.

## ఐరన్-ప్లాటినం: అందరి కల

2000లో ఐబీఎం పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక పేపర్ వేశారు. ప్లాటినం అసిటైల్‌అసిటోనేట్‌ను క్షయకరణం చేస్తూ, ఐరన్ పెంటాకార్బొనిల్‌ను వేడితో విడగొట్టి, ఓలియిక్ ఆసిడ్, ఓలియైల్ అమీన్ సమక్షంలో 3 నుంచి 10 నానోమీటర్ల కణాలు చేశారు. ఒక కణం ఒక బిట్ అనే ఆశ అక్కడి నుంచే గట్టిపడింది. ఆశలో తప్పు లేదు. చదరపు అంగుళానికి 1 టెరాబిట్ అంటే ఒక్కో బిట్‌కు 645 చదరపు నానోమీటర్ల చోటు, అంటే 25 బై 25 గడి. 4 నానోమీటర్ల కణాలను కేంద్రం నుంచి కేంద్రానికి 6 నానోమీటర్ల ఎడంతో పేర్చగలిగితే అదే అంగుళంలో దాదాపు 18 టెరాబిట్లు పడతాయి. కాగితం మీద.

చిక్కంతా ఫ్లాస్కులోంచి తీశాకే మొదలవుతుంది. అప్పటికి ఐరన్, ప్లాటినం పరమాణువులు కలగాపులగంగా ఉంటాయి, అయస్కాంతంగా అది మెత్తని పదార్థమే, అంటే దిశ తేలిగ్గా తిరిగిపోతుంది. రెండు రకాల పరమాణువులు పొరలు పొరలుగా సర్దుకుంటేనే టేబుల్‌లోని 70 లక్షలు వస్తాయి. దానికి 550 డిగ్రీల చుట్టుపక్కల వేడి చేయాలి. ఆ వేడికి పైనున్న సేంద్రియ పొర మాడిపోతుంది, కణాలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. ఏ సైజు కోసం అంత కష్టపడ్డామో ఆ సైజే పోతుంది. పోచంపల్లిలో నూలుకు ముందే రంగులద్ది, ఆ తర్వాత మగ్గం మీద నేస్తారు కదా. పడుగులో దారం కొంచెం జరిగినా డిజైన్ చెదిరిపోతుంది. ఇక్కడ జరిగేది దారం కాదు, డిజైన్ మొత్తం కరిగి కలిసిపోతుంది. పైగా ప్రతి కణం ఈజీ యాక్సిస్ (అయస్కాంతత్వం మొగ్గే దిశ) ఒక్కో దిక్కుకు ఉంటుంది.

ఇన్నేళ్లయినా ఫ్లాస్కులో చేసి పేర్చిన కణాల డిస్క్ మార్కెట్‌కు రాలేదు. కానీ ఐరన్-ప్లాటినం మాత్రం వచ్చింది. సీగేట్ 2024లో ప్రకటించిన 30 టెరాబైట్ల పైచిలుకు హార్డ్‌డిస్కుల్లో రికార్డింగ్ పొర అదే. దాన్ని రసాయనంతో కాకుండా స్పటరింగ్‌తో (వాక్యూమ్‌లో అయాన్లతో కొట్టి రాల్చిన పరమాణువులను పరచడం) పొరగా వేస్తారు. రాసేటప్పుడు లేజర్‌తో క్షణం పాటు వేడి చేస్తారు, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు దాని దిశ తిప్పడం రైటింగ్ హెడ్ వల్ల కాదు.

మీకూ అదే కష్టం వస్తుంది. మామూలు వీఎస్‌ఎంలో (శాంపిల్ అయస్కాంతత్వం కొలిచే యంత్రం) ఎలక్ట్రోమాగ్నెట్ 1.5 నుంచి 2 టెస్లా దాకా పోతుంది. క్రమబద్ధ ఐరన్-ప్లాటినం దానికి సాచురేట్ కాదు, అంటే దాని అయస్కాంతత్వం గరిష్ఠానికి చేరదు. మీకొచ్చే లూప్ (క్షేత్రాన్ని అటూ ఇటూ మారుస్తూ గీసే గ్రాఫు) సగం లూపే. అది చూసి కోయెర్సివిటీ (అయస్కాంతత్వాన్ని సున్నాకు తెచ్చే ఎదురు క్షేత్రం) ఇంత అని రాస్తే వైవాలో దొరికిపోతారు.

నా మాట అడిగితే, ఎంఎస్సీలో దీని జోలికి పోవద్దు. పెంటాకార్బొనిల్ తేలిగ్గా ఆవిరయ్యే విషం, సరైన ఫ్యూమ్ హుడ్ లేని చోట సీసా మూత కూడా తీయకూడదు. ఆర్గాన్ లైను, ట్యూబ్ ఫర్నేస్‌లోకి హైడ్రోజన్ కలిపిన వాయువు, గ్రాము వేల రూపాయల్లో ఉండే ప్లాటినం, ఇవన్నీ పీహెచ్‌డీ స్థాయి ఏర్పాట్లు.

## కోబాల్ట్: లెక్కకు బాగుంది, చేతికి కష్టం

టేబుల్‌లో శుద్ధ లోహాల్లో ఇదే మేటి. కానీ ఆ 4.5 లక్షలు హెక్సాగోనల్ నిర్మాణానివి. ద్రావణంలో డైకోబాల్ట్ ఆక్టాకార్బొనిల్‌ను విడగొట్టి చేస్తే చాలాసార్లు వచ్చేది ఎప్సిలాన్ అనే ఇంకో నిర్మాణం, దాని అనైసోట్రోపీ తక్కువ. పోనీ నీళ్లలో సోడియం బోరోహైడ్రైడ్‌తో చేద్దామంటే శుద్ధ కోబాల్ట్ బదులు బోరాన్ కలిసిన, స్ఫటికాకారం సరిగా లేని నల్లపొడి వస్తుంది. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) పీక్ కోసం వెతుక్కోవాల్సిందే.

గ్లవ్ బాక్స్ (గాలి చొరకుండా పనిచేసే పెట్టె) ఉన్న ల్యాబులో మీ సీనియర్ ఎవరైనా ఉండి, రెండు నెలలు అక్కడే కూర్చోనిస్తామంటే తప్పకుండా చేయండి. లేదంటే వద్దు.

## ఇనుము: రెండు ముక్కల్లో

అయస్కాంతత్వం గ్రాముకు దాదాపు 218 ఈఎంయూ, ఈ గుంపులో దాన్ని కొట్టేది లేదు. అది చూసే నేను మొదట ఇనుము ఎంచుకున్నాను. బోరోహైడ్రైడ్‌తో చేసి, ఇథనాల్‌తో కడిగి, వాక్యూమ్ ఓవెన్‌లో పెట్టి, పూర్తిగా చల్లారక ముందే తలుపు తీశాను. పొడి అంచు నుంచి నిప్పు కణికలా ఎర్రబారుతూ పోయి, నిమిషంలో తుప్పు రంగు బూడిద మిగిలింది. మూడు వారాల పని. తప్పు నాదే, గాలిని కొద్దికొద్దిగా వదలాలి. అయినా ఈ పనికి ఇనుము సరిపోదు. అది ఒకే డొమైన్‌గా (కణమంతా ఒకే అయస్కాంత దిశలో) ఉండే హద్దు సుమారు 15 నానోమీటర్లు. టేబుల్ అడిగేది 21 పైన. గుర్తుంచుకునేంత పెద్దగా చేస్తే ఒకే డొమైన్‌గా ఉండదు.

## నికెల్: "లోహమే కావాలి" అన్నవాళ్లకు

టైటిల్లో లోహ నానోకణాలు అని రాసి, మార్చడానికి వీల్లేదంటే నికెల్ తీసుకోండి. నికెల్ క్లోరైడ్‌ను ఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి, హైడ్రజీన్ హైడ్రేట్, కొంచెం సోడియం హైడ్రాక్సైడ్ కలిపి 60 డిగ్రీల దగ్గర ఉంచితే గంట లోపే ద్రావణం రంగు మారి నల్లబడుతుంది. ప్రతిచర్యలో నైట్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి విడిగా ఆర్గాన్ సిలిండర్ అక్కర్లేదు. మన ల్యాబులకు ఇది పెద్ద వరం. హైడ్రజీన్ మాత్రం ప్రమాదకరమైన విషం. గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ లేకుండా ముట్టుకోవద్దు.

ఇంకో సుఖం ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. మన దగ్గర ఎక్స్‌ఆర్‌డీలో సాధారణంగా ఉండేది రాగి ట్యూబు. రాగి ఎక్స్‌రేలు పడితే ఇనుము, కోబాల్ట్ తామే మెరుస్తాయి, గ్రాఫులో అడుగు భాగం పైకి లేచి చిన్న పీకులు అందులో మునిగిపోతాయి. నికెల్‌కు ఆ బాధ లేదు. 44.5, 51.8, 76.4 డిగ్రీల దగ్గర మూడు పీకులు కడిగిన ముత్యాల్లా వస్తాయి.

డేటా నిల్వ కోణంలో మాత్రం ఇది బలహీనం. కోయెర్సివిటీ వంద, రెండు వందల ఓయెర్‌స్టెడ్ల దగ్గర ఆగుతుంది. నికెల్ హార్డ్‌డిస్కుకు పనికొస్తుందని రాయకండి. ఎందుకు పనికిరాదో రాయండి, అది మంచి ప్రాజెక్టు అవుతుంది.

## కోబాల్ట్ ఫెర్రైట్: నా ఓటు దీనికే

ఇది లోహం కాదు, ఆక్సైడ్. టాపిక్ రాసివ్వక ముందైతే "అయస్కాంత నానోకణాలు" అని రాసుకోండి, గొడవే ఉండదు. గాలికి చెడదు. కోయెర్సివిటీ సాధారణంగా వందల నుంచి వెయ్యిన్నర ఓయెర్‌స్టెడ్ల దాకా వస్తుంది, కాబట్టి లూప్ కడుపు కంటికి కనిపిస్తుంది. 2 టెస్లాలో పూర్తిగా కాకున్నా దాదాపుగా సాచురేట్ అవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, సైజు మీ చేతిలో ఉంటుంది. ఒకే పొడిని నాలుగు భాగాలు చేసి 500, 600, 700, 800 డిగ్రీల దగ్గర కాల్చితే నాలుగు సైజులు. సైజు పెరిగే కొద్దీ కోయెర్సివిటీ ఎట్లా మారిందో గ్రాఫు గీస్తే పైన చెప్పిన లెక్క మీ సొంత శాంపిల్లో కనిపిస్తుంది.

చేసే పద్ధతి సోల్-జెల్ ఆటో కంబషన్. 0.01 మోల్‌కు 2.91 గ్రాముల కోబాల్ట్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్, 8.08 గ్రాముల ఫెర్రిక్ నైట్రేట్ నోనాహైడ్రేట్, 6.30 గ్రాముల సిట్రిక్ ఆసిడ్ మోనోహైడ్రేట్. నీళ్లలో కరిగించి, అమోనియాతో పీహెచ్ 7కు తెచ్చి, 80 డిగ్రీల దగ్గర కలుపుతూ ఉంటే చిక్కబడి జెల్ అవుతుంది. ఇంకా వేడి చేస్తే దానంతటదే అంటుకుని పొంగి బూడిదవుతుంది. లెక్క ప్రకారం 2.35 గ్రాములు రావాలి. అంతకన్నా ఎక్కువ వస్తే సంతోషపడకండి, మాడని కార్బన్ ఇంకా ఉన్నట్టు.

కొన్ని జాగ్రత్తలు, అనుభవం మీద. బీకర్ పెద్దది తీసుకోండి, జెల్ పాలలా పొంగుతుంది. గోధుమ రంగు నైట్రోజన్ డైఆక్సైడ్ పొగలు వస్తాయి, హుడ్ కిందే చేయాలి. కోబాల్ట్ లవణాలు చేతికి అంటనివ్వొద్దు. ఫెర్రిక్ నైట్రేట్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. వానాకాలం తూకం కాగితం మీదే జారుగా అయిపోతుంది, తూకం తప్పితే ఇనుము-కోబాల్ట్ నిష్పత్తి తప్పుతుంది. ఇక నీళ్లు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో నల్గొండ వాళ్లకు చెప్పనక్కర్లేదు, నీళ్లలోంచి దాన్ని తీసే పద్ధతికే నల్గొండ టెక్నిక్ అని మన ఊరి పేరు పడింది. ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, కాల్షియం, మెగ్నీషియం కూడా ఉంటాయి, అవి ఫెర్రైట్‌లోకి దూరతాయి. రెండుసార్లు డిస్టిల్ చేసిన నీళ్లే వాడండి, గాజు సామాను చివరి కడుగుడుకు కూడా. మఫిల్ ఫర్నేస్ నాలుగు గంటలు నడవాలి కాబట్టి కరెంటు పోయే టైములు చూసుకుని పెట్టుకోండి.

## మాగ్నెటైట్: సులువు, కానీ

చిన్నప్పుడు అయస్కాంతానికి దారం కట్టి వాగు ఇసుకలో లాగితే నల్లగా అంటుకునేది కదా, అందులో ఎక్కువ భాగం మాగ్నెటైటే. ల్యాబులో ఫెర్రస్, ఫెర్రిక్ లవణాలను 1:2 నిష్పత్తిలో కలిపి అమోనియా పోస్తే క్షణాల్లో వస్తుంది. సాధారణంగా 10 నానోమీటర్ల చుట్టూ ఉంటుంది. టేబుల్ చూడండి, కావలసింది 33. అంటే గది వేడిలో దీనికి జ్ఞాపకం నిలవదు. లూప్ గీస్తే కడుపు ఉండదు, ఒకే గీత పోయి అదే దారిలో తిరిగి వస్తుంది. దీన్నే సూపర్‌పారామాగ్నెటిజం అంటారు. డేటా నిల్వకు ఇది శత్రువు. మందులకు, నీటి శుద్ధికి ఇదే గుణం మిత్రుడు.

"డేటా నిల్వకు మాగ్నెటైట్" అని టైటిల్ పెట్టి, సున్నా కోయెర్సివిటీ చూపించి, "కాబట్టి ఇది డేటా నిల్వకు అనువైనది" అని ముగించిన ప్రాజెక్టు రిపోర్టులు నేను చూశాను. ఒకటి కాదు. అయితే ఒక దారి ఉంది. కోబాల్ట్ ఫెర్రైట్ పక్కన దీన్ని పోలిక శాంపిల్‌గా పెట్టండి. ఒకటి గుర్తుంచుకుంటుంది, ఇంకొకటి మర్చిపోతుంది. ఖర్చు పెద్దగా పెరగదు, రిపోర్టు బరువు పెరుగుతుంది.

## ల్యాబే లేకపోతే

దూరవిద్యలో చదివేవాళ్లు, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు సిమ్యులేషన్ వైపు చూడండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తయారుచేసిన ఊమ్ఫ్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. ముమాక్స్3 ఇంకా వేగం, కానీ ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఐరన్-ప్లాటినం మీద మోజు తీరనివాళ్లకు కూడా ఇదే మంచి దారి. ప్లాటినం కొనకుండా, విషం పీల్చకుండా 4 నానోమీటర్ల కణాన్ని ఎంత క్షేత్రంతో తిప్పొచ్చో చూడొచ్చు.

## కొలతల దగ్గర జరిగే పొరపాట్లు

నల్గొండ నుంచైనా పాలమూరు నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లే. ఎక్స్‌ఆర్‌డీ దగ్గర్లోనే దొరుకుతుంది. వీఎస్‌ఎం, టీఈఎం కోసం సెంట్రల్ యూనివర్సిటీలు, ఐఐటీల్లోని సైఫ్ కేంద్రాలకు (బయటివాళ్ల శాంపిళ్లు కూడా కొలిచే పరికరాల కేంద్రాలు) శాంపిల్ పంపాలి. ఐ-స్టెమ్ పోర్టల్లో ఏ పరికరం ఎక్కడుందో వెతికి స్లాట్ అడగొచ్చు. క్యూ వారాల తరబడి ఉంటుంది కాబట్టి శాంపిల్ తయారయ్యే దాకా ఆగకుండా ముందే అడిగి పెట్టుకోండి.

ఎక్స్‌ఆర్‌డీ నుంచి సైజు లెక్క వేసేటప్పుడు పీక్ వెడల్పును రేడియన్లలోకి మార్చడం మర్చిపోవద్దు. కోబాల్ట్ ఫెర్రైట్ ముఖ్యమైన పీక్ 35.5 డిగ్రీల దగ్గర, వెడల్పు 0.6 డిగ్రీలు ఉంటే షెరర్ సూత్రం సుమారు 14 నానోమీటర్లు ఇస్తుంది. డిగ్రీల్లోనే వేస్తే 0.24 నానోమీటర్లు వస్తుంది, అంటే కణం తన యూనిట్ సెల్ కన్నా చిన్నది! యంత్రం సొంత వెడల్పును తీసేయాలి. ఇంకొకటి, షెరర్ ఇచ్చేది క్రిస్టలైట్ (కణం లోపలి ఒకే స్ఫటిక ముక్క) సైజు. కణం సైజు టీఈఎంలోనే తెలుస్తుంది.

వీఎస్‌ఎంకు పొడిని క్యాప్సూల్‌లో వదులుగా పోసి పంపొద్దు. క్షేత్రం మారినప్పుడల్లా కణాలే దొర్లి తిరుగుతాయి, లూప్ వంకర పోతుంది. దూదితో గట్టిగా అదిమి గానీ, కరిగించిన మైనంలో గానీ బిగించండి. ఇంట్లో పాత ఆడియో క్యాసెట్ ఉంటే చిన్న టేపు ముక్క కూడా పంపండి. మామూలు ఐరన్ ఆక్సైడ్ టేపుకు కోయెర్సివిటీ మూడు, నాలుగు వందల ఓయెర్‌స్టెడ్ల దగ్గర ఉంటుంది. నిజంగా పాటలు దాచిన పదార్థం లూప్ మీ లూప్ పక్కన పెడితే ఎగ్జామినర్ తప్పకుండా ఆగి చూస్తారు.

## ఎవరికి ఏది

ఒక్క సెమిస్టర్, ఒక మఫిల్ ఫర్నేస్, పరిమిత బడ్జెట్ ఉన్న ఎంఎస్సీ ఫిజిక్స్ వాళ్లు కళ్లు మూసుకుని కోబాల్ట్ ఫెర్రైట్ తీసుకోండి, వీలైతే మాగ్నెటైట్ తోడుగా. కెమిస్ట్రీ వాళ్లు, మంచి ఫ్యూమ్ హుడ్ ఉంటే, నికెల్ చేయొచ్చు. కణం సైజు మీద హైడ్రజీన్ మోతాదు ప్రభావం చూడటం వాళ్ల చేతికి సరిగ్గా సరిపోయే పని. పీహెచ్‌డీకి పోవాలని గట్టిగా ఉన్నవాళ్లు ఇప్పుడు ఫెర్రైట్ చేస్తూ సాయంత్రాలు సిమ్యులేషన్ నేర్చుకోండి. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ (కొత్త పదార్థాల పరిశోధనా కేంద్రం) లాంటి చోటికి ఇంటర్న్‌షిప్‌కు అప్లై చేసేటప్పుడు ఆ రెండూ కలిసి బలంగా కనిపిస్తాయి. ఐరన్-ప్లాటినం అక్కడికి చేరాక చూసుకోవచ్చు.

పాలమూరు తమ్ముడు చివరికి కోబాల్ట్ ఫెర్రైటే తీసుకున్నాడు. వారం తర్వాత మళ్లీ ఫోన్. "అన్నా, శాంపిల్ మొత్తం మాయమైంది. బీకర్‌లో నీళ్లు తేటగా ఉన్నయి." కాల్చిన పొడిని కడగడానికి మాగ్నెటిక్ స్టిరర్ మీద పెట్టాడట. బీకర్ అడుగున స్టిరర్ బిళ్ల తీసి చూడమన్నాను. నల్లటి గొంగళి పురుగులా, పొడంతా దాన్నే కరుచుకుని ఉంది.